గ్రూపు పెడితే ఐక్యత వచ్చేస్తుందా? విశాఖలో సంఘాలని కలుపుతూ నేను చూసిన అపోహలు, వాస్తవాలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలండి. విశాఖలో వేర్వేరు క్రైస్తవ సంఘాల వాళ్లని ఫోన్‌లో ఒకచోట కలిపే పని 2016 నుంచి చేస్తున్నాను. నేను పాస్టర్‌ని కాదు, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు దీనికి కూర్చుంటా, ఎవరికేం అవసరమొచ్చిందో కనుక్కోవడం, వాళ్లకి దగ్గర్లో ఎవరున్నారో చూసి చెప్పడం, అంతే. ఈమధ్య అనకాపల్లి నుంచి, విజయనగరం నుంచి తమ్ముళ్లు ఫోన్ చేసి "అన్నా, మేం కూడా మొదలుపెడదామనుకుంటున్నాం, ఎలాగ?" అని అడుగుతున్నారు, అడిగినవాళ్లందరి దగ్గరా ఇంచుమించు అవే అపోహలు, అందుకే ఒకసారి రాసి పెడుతున్నా.

అపోహ: గ్రూపు ఎంత పెద్దదైతే అంత ఐక్యత

వాట్సాప్‌లో ఇప్పుడు ఒక గ్రూపుకి 1,024 మంది వరకు పడతారు. మేం మొదలుపెట్టినప్పుడు 256 మందే, అది నిండిన రోజు చాలా సంతోషపడ్డాం. ఆ తర్వాత కొన్ని నెలలకి ఒక బాబు వాళ్లమ్మకి ఓ నెగెటివ్ రక్తం కావాలని పొద్దున్న 8 గంటలకి పెట్టాడు. ఆ మెసేజ్ మీద గుడ్ మార్నింగ్‌లు, వాక్యం ఫోటోలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, ఎక్కడివో ఫార్వర్డ్‌లు వచ్చి పడ్డాయి, నేను చూసేసరికి రాత్రి. దేవుని దయవల్ల రక్తం వేరేచోట దొరికింది గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 256 మంది ఉన్నారు, ఒక్కరికీ కనపడలేదు.

అప్పుడు ఏరియాల వారీగా విడగొట్టాం. గాజువాక, మర్రిపాలెం, జ్ఞానాపురం, మధురవాడ, పెందుర్తి, ఎంవీపీ, ఇలాగ, ఒక్కోదాంట్లో 30, 40 మందికి మించకుండా. అందరికీ చెప్పాల్సినవి మాత్రం పెద్ద గ్రూపులో అడ్మిన్లే పెడతారు. వాక్యం ఫోటోలు వద్దని చెప్పినప్పుడు కొందరు బాధపడ్డారు, "దేవుని వాక్యమే వద్దంటావా బాబూ" అని ఒక పెద్దాయన నేరుగా అడిగారు. "వాక్యం మీ సంఘంలో ప్రతి ఆదివారం వింటున్నారు అంకుల్, పక్కవీధిలో ఇంకో సంఘం ఆవిడ మూడు రోజుల్నుంచి జ్వరంతో పడుందన్న సంగతి మాత్రం ఇక్కడే తెలుస్తుంది" అన్నాను, ఆయన ఆ సాయంత్రమే ఆవిడ ఇంటికి వెళ్లొచ్చారు.

చిన్న గ్రూపు విలువ ఇంకా బాగా తెలిసింది 2020 మే 7 తెల్లవారుజామున, ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకైనప్పుడు. నిద్రలో ఉన్నవాళ్లు మెసేజ్ చూడరండి, ఫోన్ మోగితేనే లేస్తారు. గోపాలపట్నం వైపు గ్రూపులో 34 మంది, అందరి ఇళ్లూ ఒకరికొకరికి తెలుసు కాబట్టి ఎవరెవరికి కాల్ చెయ్యాలో పంచుకుని చేశారు. అదే వెయ్యిమంది గ్రూపైతే ఎవరు ఎవరికి చేస్తారు?

అందుకే ఎన్ని మెసేజ్‌లు వచ్చాయన్నది నేను లెక్కపెట్టను, ఈ వారం ఎవరు ఎవరింటికి వెళ్లారన్నదే రాసుకుంటా.

అపోహ: "అందరం ఒకటే, తేడాల గురించి అసలు మాట్లాడుకోకూడదు"

ప్రేమతోనే అంటారు ఈ మాట, కానీ నిజం కాదు. తేడాలున్నాయి. చిన్నపిల్లలకి బాప్తిస్మం ఇవ్వొచ్చా లేదా, మరియమ్మ గురించి, నగలు పెట్టుకోవడం గురించి, ఆరాధన శనివారమా ఆదివారమా, కథోలికుల బైబిల్లో 73 గ్రంథాలైతే మిగతావాళ్ల దాంట్లో 66. రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడాన్ని ఒకరు దివ్యసత్ప్రసాదం అంటారు, ఒకరు సంస్కారం అంటారు, ఇంకొకరు బల్ల అంటారు. ఇవి లేనట్టు నటిస్తే మొదటి గొడవకే గ్రూపు చీలిపోతుంది.

2020 లాక్‌డౌన్‌లో ఈస్టర్‌కి ముందు వారం మొదటిసారి అందరం కలిసి జూమ్‌లో ప్రార్థన పెట్టుకున్నాం, ఫ్రీ అకౌంట్ కాబట్టి 40 నిమిషాలకి కట్ అయిపోతుంది, గబగబా చివర్లో ప్రభువు నేర్పిన ప్రార్థన అందుకున్నాం. సగంమంది "నీ నామము పరిశుద్ధపరచబడును గాక" అంటున్నారు, జ్ఞానాపురం కథోలికులు "మీ నామము పూజింపబడును గాక" అంటున్నారు, ఒకరి మాట ఒకరికి అడ్డంపడి రెండో వాక్యానికే ఆగిపోయాం. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. అప్పుడు ఒక కథోలిక పెద్దమ్మ మ్యూట్ తీసి "ముందు మీది చెప్పండి బాబూ, మేం వింటాం, తర్వాత మాది చెప్తాం, మీరు వినండి" అన్నారు. ఆరోజు నుంచి ఇప్పటిదాకా మా కలయికల్లో రెండుసార్లు చెప్తాం. నాకు మటుకు ఐక్యత అంటే ఏంటో ఆవిడ దగ్గరే అర్థమైంది.

ఇప్పుడు పద్ధతేంటంటే గ్రూపులో టైప్ చేస్తూ సిద్ధాంతం మీద వాదన వద్దు, రాతలో గొంతు వినపడదు, మామూలు మాట కూడా కోపంగా కనిపిస్తుంది. కానీ ఏడాదికి రెండుసార్లు ఎవరో ఒక సంఘంవాళ్లు తమ ఆరాధన ఎలా ఉంటుందో, ఎందుకలాగో చెప్తారు, మిగతావాళ్లు ప్రశ్నలు అడగొచ్చు, తప్పు పట్టకూడదు.

అపోహ: ఈ కలయికలన్నీ కొత్త ఫ్యాషన్

మన ఊరి చరిత్ర చూడండి. 1805లో విశాఖ వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు, ఆ సొసైటీ ఏ ఒక్క డినామినేషన్‌కీ, అంటే క్రైస్తవ శాఖకీ, కట్టుబడకుండా మొదలైంది. డెగ్రాంజెస్ ఇక్కడే తెలుగులోకి సువార్తలు అనువదిస్తూ 1810లో చనిపోయారు, ఆయన పని 1812లో అచ్చయింది సేరంపూర్‌లో బాప్టిస్టుల ప్రెస్‌లో. తర్వాత 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యారు. మనం ఫోన్ వాడుతున్నాం, అంతే తేడా.

అపోహ: ఇది సంఘస్థుల్ని లాక్కోవడానికే

పాస్టర్ల ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకండి, ఇదివరకు కొన్నిచోట్ల అలా జరిగింది కాబట్టే భయపడుతున్నారు. మేం ముందు పాస్టర్‌ గారితోనో ఫాదర్ గారితోనో మాట్లాడాకే ఆ సంఘంవాళ్లని చేర్చుకుంటాం. "మా చర్చికి రండి" పోస్టర్లు ఎవరివీ ఉండవు. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో పనికోసం కొత్తగా వచ్చినవాళ్లు అడిగితే, ఊళ్లో వాళ్లది ఏ సంఘమో కనుక్కుని ఇక్కడ ఆ సంఘం చర్చి ఎక్కడుందో చెప్తాం. ఒక పాస్టర్ గారు రెండేళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల మామగారు కేజీహెచ్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మర్రిపాలెం గ్రూపులోని ఒక కథోలిక అక్క నాలుగు రోజులు గంజి కాచి తీసుకెళ్లింది, ఎవరూ ఆయనకి ఇదిగో చూశారా అని చెప్పలేదు. డిశ్చార్జ్ అయిన వారానికి ఆయనే ఫోన్ చేసి నంబర్ చేర్చమన్నారు.

అపోహ: మంచి పనే కదా, డబ్బులు ఎవరి అకౌంట్‌లో వేస్తే ఏం

ఏమవుతుందంటే గ్రూపు పోతుంది. అడ్మిన్ అకౌంట్‌కి ఒక్క రూపాయి రాకూడదు. వైద్యానికైతే మాలో ఒకరు వెళ్లి మనిషిని, బిల్లుని చూసొచ్చాక హాస్పిటల్ బిల్లింగ్‌కే కట్టమంటాం, ఫార్వర్డ్ అయిన క్యూఆర్ కోడ్‌లకి పంపొద్దంటాం. ఇంకోటి, చాలామందికి తెలీదు, అమెరికా పౌరసత్వం వచ్చేసిన మనవాళ్లు చట్టం దృష్టిలో విదేశీయులే, వాళ్ల దగ్గర గ్రూపు తరఫున సేవకని చందా తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి. తెలుగువాడే కదా అని తీసుకోకండి.

అపోహ: సభ్యుడు ఏం పెట్టినా అడ్మిన్ జైలుకే

అలా కాదు, సభ్యుడి పోస్టుకి అడ్మిన్‌ని బాధ్యుణ్ని చెయ్యలేమని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అయినా చర్చిపై దాడి అంటూ వచ్చే వీడియోలు మేం పెట్టనివ్వం, ఒకసారి ఇక్కడిదే అని తిరిగినది చూస్తే ఎప్పటిదో, వేరే రాష్ట్రానిది. కళ్లారా చూసిన మనిషి ఫోన్‌లో చెప్తేనే నమ్ముతాం.

అపోహ: అందరి దగ్గరా ఫోన్ ఉంది, ఇక చాలు

హుద్‌హుద్ తుఫాను గుర్తుందా, 2014 అక్టోబర్ 12, ఆదివారం. కరెంటు లేదు, టవర్లు పడిపోయాయి, రోజుల తరబడి ఎవరెలా ఉన్నారో తెలీలేదు. మా వీధిలో ఒంటరిగా ఉన్న ముసలమ్మ సంగతి రెండో రోజుకి గానీ మాకు గుర్తు రాలేదు. అందుకే ప్రతి ఏరియాలో ఇద్దరి దగ్గర కాగితం మీద రాసిన జాబితా ఉంటుంది, పేరు, వీధి, ఇంటి గుర్తు, ఇంట్లో మంచం పట్టినవాళ్లెవరైనా ఉన్నారా అని. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లు అందులో ముందుంటారు. జనవరి 18 నుంచి 25 వరకు క్రైస్తవ ఐక్యత ప్రార్థన వారం కదా, ఆ వారంలో ఇద్దరిద్దరు, వేర్వేరు సంఘాలవాళ్లు జంటగా, ఇంటింటికీ వెళ్లి ఆ కాగితం సరిచేసుకుంటారు. ఇల్లు మారినవాళ్లని, ప్రభువు దగ్గరికి వెళ్లిపోయినవాళ్లని కొట్టేసి, కొత్తగా వచ్చినవాళ్లని రాసుకుంటారు.