మూడు మంచాలు, ఏడుగురు మనుషులు

విల్లెం కోల్ఫ్ 1943లో నెదర్లాండ్స్‌లో తయారుచేసిన తొలితరం డయాలిసిస్ మిషన్‌లో రక్తం పారింది సాసేజ్‌లకు తొడిగే సెలొఫేన్ గొట్టంలోంచి. మిషన్ పనిచేసింది. కానీ ప్రతిసారీ కొత్తగా రక్తనాళం కోయాలి, నాళాలు అయిపోతే ఇక దారి లేదు. అందుకే కిడ్నీలు కొన్నాళ్లు మొరాయించి మళ్లీ కోలుకునేవాళ్లకే అది అక్కరకొచ్చేది.

1960లో అమెరికాలోని సియాటెల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టర్ దీనికో ఉపాయం కనిపెట్టాడు. ముంజేతి ధమనిలో ఒక టెఫ్లాన్ గొట్టం, సిరలో ఇంకోటి పెట్టి, వాటి బయటి కొసల్ని చిన్న వంపు గొట్టంతో కలిపేశాడు. టెఫ్లాన్‌కి రక్తం అంత తేలిగ్గా అంటుకోదు. డయాలిసిస్ లేని రోజుల్లో రక్తం ఆ వంపులోంచి పారుతూ ఉంటుంది, అవసరమైన రోజున వంపు తీసేసి మిషన్‌కి తగిలించడమే. మొదటిసారి దాన్ని పెట్టించుకున్న క్లైడ్ షీల్డ్స్ ఆ తర్వాత పదేళ్లకు పైగా బతికాడు.

చిక్కంతా అక్కడే మొదలైంది. 1962 జనవరిలో సియాటెల్‌లో డయాలిసిస్ కేంద్రం తెరిచేనాటికి ఉన్నవి మూడే మంచాలు. డాక్టర్లు నలభై అయిదు దాటినవాళ్లనీ, చిన్నపిల్లల్నీ ముందే పక్కన పెట్టారు. మిగిలినవాళ్లలో ఎవర్ని తీసుకోవాలో తేల్చడానికి ఏడుగురితో కమిటీ వేశారు: ఒక లాయరు, ఒక పాస్టరు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వోద్యోగి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జన్. వాళ్ల పేర్లు బయటికి చెప్పలేదు. వాళ్ల ముందుకొచ్చింది కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె ఒక్కటే కాదు. ఉద్యోగం, ఆస్తి, చదువు, ఎంతమంది పిల్లలు, చర్చికి వెళతాడా లేదా, అన్నీ వచ్చాయి. మనిషి పోతే భార్యకు మళ్లీ పెళ్లయ్యే అవకాశమెంత అని కూడా తర్కించుకున్నారని అదే ఏడాది నవంబరులో లైఫ్ పత్రికలో షానా అలెగ్జాండర్ రాసింది. జనం ఉలిక్కిపడ్డారు. ఒంటరిగా, నిలకడ లేని పనులతో, ఏ దేవుణ్ణీ కొలవకుండా బతికే మనిషికి ఆ గదిలో ఎన్ని ఓట్లు పడతాయి?

ఆ ఏడుగురూ దుర్మార్గులని నేననుకోను. మంచాలు మూడే ఉన్నప్పుడు ఎవరో ఒకరు తేల్చాల్సిందే. కానీ మనుషుల యోగ్యత తూచే తక్కెడ తమ దగ్గర ఉందనుకోవడం వాళ్లు చేసిన తప్పు.

అమెరికా 1972లో చట్టం చేసి డయాలిసిస్ ఖర్చును చాలావరకు ప్రభుత్వానికి అప్పజెప్పడంతో అక్కడ కమిటీల అవసరం పోయింది. అన్నిచోట్లా పోలేదు. దక్షిణాఫ్రికాలో కిడ్నీలు పాడైన త్యాగరాజ్ సూబ్రమనీకి డర్బన్‌లోని సర్కారు ఆసుపత్రి డయాలిసిస్ ఇవ్వలేమంది. మిషన్లు తక్కువ, కోలుకునేవాళ్లకూ కిడ్నీ మార్పిడికి పనికొచ్చేవాళ్లకే ఇస్తామంది. ఆయనకు గుండెజబ్బు కూడా ఉంది. 1997లో రాజ్యాంగ న్యాయస్థానం ఆసుపత్రి పక్షానే తీర్పిచ్చింది.

మిషన్లకు కరువు లేని చోట ప్రశ్న ఇంకోలా ఎదురవుతుంది: ఈ మనిషికి దీనివల్ల ఒరిగేదేంటి? 2010లో వెలువడిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పరిశోధనలో 828 మందిని రెండు గుంపులు చేశారు. రిపోర్టులో కిడ్నీ పనితీరు అంకె చూసి తొందరగా డయాలిసిస్ మొదలుపెట్టినవాళ్లు, లక్షణాలు ముదిరేదాకా ఆగినవాళ్లకంటే ఎక్కువకాలం బతకలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, పొటాషియం అదుపు తప్పడం, వాంతులతో తిండి సయించకపోవడం లాంటివి వస్తే ఆగకూడదు. ఉత్తి అంకెకు మాత్రం హడావిడి అక్కర్లేదు.

2009లో వచ్చిన ఇంకో అధ్యయనం కలవరపెడుతుంది. అమెరికాలో నర్సింగ్ హోముల్లో ఉంటూ డయాలిసిస్ మొదలుపెట్టిన 3702 మందిలో 58 శాతం ఏడాది తిరక్కముందే చనిపోయారు. అంతకుముందు ఉన్నపాటి ఓపిక ఏడాది తర్వాతా నిలిచింది 13 శాతం మందికే. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగేసి గంటలు సూదులతో గడిపితే మిగిలింది అది. అలాగని వయసు ఒక్కటే చూసి వద్దనడమూ తప్పే, తన పనులు తను చేసుకునే ఎనభై ఏళ్లాయనకు డయాలిసిస్‌తో మంచి ఏళ్లే దక్కొచ్చు. పైగా "ఉపయోగం ఉండదు" అనే మాట చాటున "డబ్బు లేదు" అనే మాట దాక్కునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఏది ఏదో రోగికి విడమర్చి చెప్పాలి.

డయాలిసిస్ వద్దనుకుంటే వైద్యం ఆగిపోదు. ఒంట్లో చేరే నీరు, రక్తహీనత, దురద, ఆయాసం, అన్నిటికీ మందులుంటాయి. ఎటూ తేలనప్పుడు కొందరు డాక్టర్లు గడువు పెట్టుకుని మొదలుపెడతారు. రెండు మూడు నెలలయ్యాక రోగినీ ఇంట్లోవాళ్లనీ కూర్చోబెట్టి ఆకలి పెరిగిందా, నడవగలుగుతున్నారా, డయాలిసిస్ అయిన మర్నాడు ఎలా ఉంటోంది అని అడుగుతారు. కొనసాగించాలా ఆపాలా అన్నది అప్పుడు తేల్చుకుంటారు. ఆపేస్తే చాలామందికి మిగిలేది వారం పది రోజులే. ఆ సంగతి మొదటి సూది గుచ్చకముందే చెప్పి ఉంచాలి.