వంకర రూపాయికి లక్షలు రావు: పాత నాణేలపై అపోహలు - వాస్తవాలు

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని మా ధర్మాబాద్, బిలోలి వైపు 1948 దాకా నిజాం పాలనే. నానమ్మల సందూకులు తెరిస్తే ఇప్పటికీ నిజాం రూపాయిలు కనిపిస్తాయి. పాత నాణేలు కొని అమ్మే నన్ను రోజూ అడిగే మాట ఒకటే: "సేట్, అక్షరాలు సగమే పడ్డాయి. మిస్ ప్రింట్ కదా, ఎన్ని లక్షలొస్తాయి?"

అపోహ: అంచు వంకర పోయి, అక్షరాలు తెగితే అరుదైన నాణెం.

వాస్తవం: కానే కాదు. నాణెం మీద చార్మినార్ బొమ్మ రాకముందు నిజాం రూపాయిలు ఎక్కువగా సమ్మెటతో కొట్టినవే. వెండి కరిగించి, ముక్కలు నరికి, ఒక్కో ముక్కా తూచేవారు. బరువు ఎక్కువైతే అంచు కత్తిరించేవారు. కింది అచ్చు మీద బిళ్ళ పెట్టి, పై అచ్చు ఒకరు పట్టుకుంటే ఇంకొకరు సమ్మెట వేసేవారు. అక్బరు టంకశాలలోనూ ఈ రెండు పనులకు ఇద్దరు వేర్వేరు మనుషులున్నారని ఆ కాలపు పుస్తకం ఐనీ అక్బరీ చెబుతుంది. అచ్చు బిళ్ళ కంటే పెద్దది, అందుకే రాత మొత్తం పడదు. సర్కారుకు కావలసింది బరువు, వెండి నాణ్యత, గుండ్రం కాదు. నిజానికి టంకశాల ఊరి పేరు, సంవత్సరం నిండుగా పడ్డ నాణేనికే ధర ఎక్కువ.

బిలోలి దగ్గరి పల్లె నుంచి ఒకమ్మ వచ్చింది. అలాంటి రూపాయికే లక్షలిస్తామని ఫోన్లో నమ్మించి, రిజిస్ట్రేషన్ అని, జీఎస్టీ అని రెండుసార్లు డబ్బు లాగారు. వెండి ధర మీద కొంచెం ఎక్కువ పలికే నాణెం అది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమెది అత్యాశ కాదు, కూతురి పెళ్లి టెన్షన్. పాత నాణేల వ్యాపారంతో తనకు సంబంధం లేదని, తన పేరుతో కమీషన్ వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రకటించింది. కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: 1330 అని ఉంది, ఏడొందల ఏళ్ల నాటిది.

వాస్తవం: అది హిజ్రీ, అంటే ముస్లిం పంచాంగం సంవత్సరం. మన లెక్కలో 1911-12. నాణెం మీదున్న చార్మినార్ కట్టిందే 1591లో!

అపోహ: చింతపండుతో తోమితే ధర పెరుగుతుంది.

వాస్తవం: పడిపోతుంది. తోమకండి.

అపోహ: చిన్న గాట్లుంటే రహస్య ముద్ర.

వాస్తవం: వెండి అసలుదో కాదో చూడ్డానికి షరాబులు పొడిచిన గుర్తులవి.

అపోహ: పొలంలో దొరికితే మనదే.

వాస్తవం: భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలి. 1878 నాటి చట్టం ఇంకా అమల్లోనే ఉంది.