వాలెమై పైన్: గండిలో మిగిలిన చెట్లపై అపోహలు - వాస్తవాలు

సిడ్నీకి వాయవ్యంగా, బ్లూ మౌంటెన్స్ ప్రాంతంలో వాలెమై జాతీయ వనం ఉంది. ఇసుకరాయిని నీరు కోసుకుపోగా ఏర్పడిన ఇరుకు గండ్లు అందులో ఎన్నో. 1994 సెప్టెంబరులో పార్కు ఉద్యోగి డేవిడ్ నోబుల్ అలాంటి ఒక గండిలోకి దిగి, అప్పటిదాకా శాస్త్రానికి తెలియని చెట్టు కొమ్మను బయటికి తెచ్చాడు. మరుసటి ఏడాది దానికి వాలెమియా నోబిలిస్ అని శాస్త్రీయ నామం పెట్టారు, వాడుకలో వాలెమై పైన్ అంటారు. అడవిలో ఎదిగిన చెట్లు ఈనాటికీ వందలోపే. వాటి గురించి చెప్పుకునే మాటల్లో కొన్ని వట్టి పొరపాట్లు, కొన్ని మాత్రం చెట్టుకే ఎసరు పెట్టేవి.

అపోహ: ఆ చెట్లు తొమ్మిది కోట్ల ఏళ్ల నాటివి.

పాతది వంశం, చెట్టు కాదు. ఈ చెట్టు పుప్పొడిని పోలిన శిలాజ పుప్పొడి సుమారు 9 కోట్ల ఏళ్ల నాటి పొరల నుంచీ కనిపిస్తుంది. ఇక ఒక్కో చెట్టుకు వయసు కట్టడం కష్టం. చెట్టు మొదలు నుంచి పిలకల్లా కొత్త కాండాలు లేస్తూనే ఉంటాయి, ఒకటి కూలితే ఇంకొకటి అందుకుంటుంది. వలయాలు లెక్కపెడితే తెలిసేది ఆ ఒక్క కాండం వయసే. కింద ఉన్న వేరు ఎప్పటిదో అవి చెప్పవు.

అపోహ: పేరులో పైన్ ఉంది కాబట్టి అది పైన్ చెట్టే.

కాదు, అరకేరియేసి కుటుంబం. కడియం నర్సరీల్లో క్రిస్మస్ చెట్టని అమ్మే అరకేరియా దీనికి దగ్గరి చుట్టం.

అపోహ: చల్లటి గండి దాటితే ఈ చెట్టు బతకదు.

తోటల్లో పెంచి చూశాక ఈ మాట నిలబడలేదు. మైనస్ 5 డిగ్రీల నుంచి 45 డిగ్రీల దాకా తట్టుకుంటుందని తేలింది. నీడలో ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది, కానీ వెలుతురు దొరికితే పెరుగుదల పుంజుకుంటుంది. గండి దానికి ఇష్టమైన చోటు అనడం కన్నా తలదాచుకున్న చోటు అనడమే సబబు. నిటారు గోడలు ఎండగాలిని ఆపుతాయి, అడుగున తేమ నిలుస్తుంది, పైన అడవి తగలబడినా మంట కిందికి దిగడం అరుదు.

అరుదే గానీ అసాధ్యం కాదు. 2019-20 వేసవిలో గాస్పర్స్ మౌంటెన్ కార్చిచ్చు 5 లక్షల హెక్టార్లకు పైగా కాల్చేసింది. విమానాలు మంటను నిలువరించే రసాయనాన్ని గండి చుట్టూ చల్లాయి. సిబ్బంది హెలికాప్టర్ నుంచి తాళ్లతో దిగి, తడి ఆరకుండా నీటి గొట్టాలు అమర్చారు. ఎదిగిన చెట్లు చాలావరకు దక్కాయి. కాలిన మొదలు మళ్లీ చిగురించగలదు. అయితే ఆ చిగురు నిలదొక్కుకోకముందే ఇంకో మంట వస్తే వేరులో దాచుకున్న శక్తి అయిపోతుంది. అసలు భయం అక్కడే.

అపోహ: ఒక్కసారి చూసొస్తే ఏం పోతుంది?

మా లెక్కలో అన్నిటికన్నా చేటైన అపోహ ఇదే. గండి ఎక్కడుందో రహస్యంగా ఉంచడం ఏదో బడాయి కోసం కాదు. 2005లో అక్కడ ఫైటాఫ్తొరా సినమోమై అనే, వేళ్లను కుళ్లబెట్టే సూక్ష్మజీవి బయటపడింది. కోనసీమలో కొబ్బరికి మొవ్వుకుళ్లు తెచ్చేది ఈ ఫైటాఫ్తొరా ప్రజాతిలోని మరో జాతే. చూడటానికి బూజులా ఉన్నా ఇది శిలీంధ్రం కాదు, తడి మట్టిలో దీని బీజాలు ఈదుకుంటూ వెళ్లి వేరు కొసలను పడతాయి. బూటు అడుగు గాడుల్లో ఇరుక్కున్న చెంచాడు మట్టి చాలు. ఒకసారి నేలలో చేరితే పూర్తిగా తీసేసే మందు లేదు. ఫాస్ఫొనేట్ ఇస్తే చెట్టుకు తట్టుకునే బలం వస్తుందే తప్ప తెగులు చావదు.

అందుకే అనుమతి ఉన్న సిబ్బంది కూడా ముందు గట్టి బ్రష్‌తో మట్టంతా రాల్చి, ఆ తర్వాతే 70 శాతం స్పిరిట్ కొడతారు. ఈ వరస తారుమారు కాకూడదు. మట్టి పెళ్ల మీద కొట్టిన స్పిరిట్ పైపొరను తడిపి ఆవిరైపోతుంది, లోపలి బీజాలు భద్రంగా ఉంటాయి. తాడు, కర్ర మొన, సంచి అడుగు కూడా బూటుతో సమానమే. అనుమతి లేకుండా వెళ్తే 2 ఏళ్ల వరకు జైలు, 3,30,000 డాలర్ల వరకు జరిమానా పడొచ్చు.

సిడ్నీలో ఉన్న మనవాళ్లు ఈ చెట్టును చూడాలనుకుంటే మౌంట్ అనన్, మౌంట్ టోమా తోటలకు వెళ్తే చాలు.

అపోహ: గింజలు తెచ్చి చల్లితే అడవే అయిపోతుంది.

గింజలుండే ఆడ శంకువులు (కోన్‌లు) చెట్టు పైభాగంలో కాస్తాయి. ఆ చెట్లు 40 మీటర్ల దాకా పెరుగుతాయి. పండిన శంకువు చెట్టు మీదే విడిపోయి గింజలు గాలికి పోతాయి. చేతికి చిక్కినవాటిలోనూ తాలు గింజలే ఎక్కువ. అందుకే కొమ్మ కత్తిరింపులతో పెంచుతారు. నిటారుగా పెరిగే రెమ్మనే కోయాలి. పక్క కొమ్మ నాటితే వేరు పోస్తుంది గానీ, పైకి లేవకుండా పక్కకే పాకుతుంది. పైగా ఈ చెట్లన్నిటి మధ్య జన్యుపరమైన తేడా బహు స్వల్పం. ఒక చెట్టును పడగొట్టే తెగులు మిగతావాటినీ వదలదు. వేర్వేరు దేశాల తోటల్లో పెంచుతున్నది అందుకే.

అపోహ: కొనకు తెల్లబూజు పట్టింది, కొమ్మలు రాలుతున్నాయి, మొక్క చచ్చిపోతోంది.

ఆస్ట్రేలియాలో కుండీ మొక్క కొన్నవాళ్లకు తరచూ వచ్చే కంగారు ఇది. చలికాలంలో కొన మొగ్గ మీద తెల్లటి జిగురు టోపీలా గడ్డకడుతుంది. అది మొగ్గకు కాపుదల, గోకకండి. వసంతంలో మొగ్గ దాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. ముదిరిన చెట్టు ఆకులను విడిగా రాల్చదు, కొమ్మ కొమ్మగా విడిచేస్తుంది. అదీ సహజమే.

నిజంగా చంపేది నీళ్లు నిలవడం. వేరు కుళ్లిన మొక్క దాహంతో ఉన్నట్టే వాడిపోతుంది. అది చూసి ఇంకా నీళ్లు పోస్తారు, దాంతో మొక్క పోతుంది. పై 5 సెంటీమీటర్ల మట్టి వేలితో చూసి, ఆరితేనే అడుగు రంధ్రం నుంచి కారేదాకా ఒక్కసారి పోయండి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు ఉంచకండి. నీరు త్వరగా ఇంకే ఆమ్ల మట్టి కావాలి, సున్నం, బూడిద వద్దు. భాస్వరం తక్కువగా ఉండి నిదానంగా కరిగే ఎరువు వేయండి.

ఆ మొక్కనో, కొమ్మనో సూట్‌కేసులో పెట్టుకుని ఇండియాకు తేవద్దు. దిగుమతి అనుమతి, ఆస్ట్రేలియా అధికారులిచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకపోతే విమానాశ్రయంలోనే ఆపేస్తారు, ఆపాలి కూడా.