ఊడిన పన్ను ఎంతసేపు బతుకుతుంది?

ఎనిమిదేళ్ల పిల్లవాడు బడి మెట్ల మీద బోర్లా పడి పై వరుసలో ముందు పన్ను ఊడగొట్టుకుంటే, పెద్దలు నెత్తురు కడిగి, నీళ్లు పుక్కిలింపజేసి, ‘పాలపన్నే కదా, మళ్లీ వస్తుందిలే’ అని ఊరడిస్తారు. కానీ ఆ వయసు పిల్లల నోట్లో ముందు పళ్లు చాలావరకు శాశ్వత దంతాలే. వాటి వెనుక ఇంకో పన్ను లేదు. పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరే ఆచారం పాలపళ్లకే సరి.

ఊడిన పన్నును దగ్గరగా చూస్తే, తెల్లటి పైభాగం కింద పసుపు ఛాయలో వేరు, దాని మీద అక్కడక్కడ అంటుకున్న తడి పొర కనిపిస్తాయి. పన్నును దవడ ఎముకకు పట్టి ఉంచిన సన్నని నారపోగుల్లో మిగిలిన భాగమది. అందులోని కణాలు బతికుంటేనే పన్ను సవ్యంగా అతుక్కుంటుంది. పొడిగా ఉంచితే అరగంటకే చాలా కణాలు దెబ్బతింటాయి, గంట దాటితే దాదాపు ఏవీ మిగలవు. డెన్మార్క్ దంతవైద్యుడు ఆండ్రియాసెన్ 1966లో సహచరుడితో కలిసి ప్రచురించిన పరిశీలనలో, అరగంటలోపు తిరిగి అమర్చిన పళ్లలో 90 శాతానికి వేరు కరగలేదు. రెండు గంటలు దాటాక అమర్చిన వాటిలో 95 శాతానికి కరిగింది. అందుకే పన్నును వేరు ముట్టకుండా పట్టుకుని, మట్టి ఉంటే ఒక్కసారి కడిగి, వెంటనే దాని గుంటలోనే పెట్టడం మేలు. కుదరకపోతే చల్లటి పాలలో వేసి తీసుకెళ్లాలి. మంచినీళ్లలో నానబెడితే కణాలు నీరు పీల్చుకుని పగిలిపోతాయి. అందరి ఇళ్లలో జరిగేదేమో కాగితంలో చుట్టి జేబులో వేసుకోవడం!

ఆలస్యంగా అమర్చిన పన్ను కూడా మొదట్లో బాగానే కనిపిస్తుంది. అసలు చిక్కు తరువాత వస్తుంది. రక్షణ పొర పోయిన వేరును ఎముక తనలో భాగంగా భావించి, మెల్లగా కరిగించి, ఆ చోటును తానే ఆక్రమిస్తుంది. పిల్లల దవడ పెరుగుతూ ఉంటుంది గనుక, పక్క పళ్లు దానితోపాటు కిందికి దిగుతాయి. ఎముకకు అతుక్కుపోయిన ఈ పన్ను మాత్రం పైనే నిలిచిపోయి, ఏటికేడు పొట్టిగా కనిపిస్తుంది. ఎదుగుదల పూర్తయ్యేదాకా ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ దంతం) కూడా పెట్టరు.

విరిగిన పన్ను విషయంలో గడువు ఇంత కఠినం కాదు. స్వీడన్‌కు చెందిన దంతవైద్యుడు స్వెక్ 1978లో, బయటపడిన పంటి గుజ్జును (పన్ను లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగాన్ని) పైపైన 2 మిల్లీమీటర్లు తొలగించి మందు కప్పితే, 60 పళ్లలో 96 శాతం నయమయ్యాయని చూపాడు. వాటిలో కొన్ని దెబ్బ తగిలిన చాలా రోజుల తరువాత వచ్చినవే. అయినా నొప్పి తగ్గిందని వదిలేస్తే క్రిములు చేరి గుజ్జు చనిపోవచ్చు. అప్పుడు, ఎనిమిదేళ్లకు ఇంకా సగంలో ఉన్న వేరు ఎదగడం మానేసి, పలుచని గోడలతో డొల్లగా మిగులుతుంది. అటువంటి పన్ను కొన్నేళ్లకు జామకాయ కొరికినా మొదలంటా విరగవచ్చు.

పాలపన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు, పైనున్న శాశ్వత దంతపు మొలకకు హాని. అలాగని అది దెబ్బతిని చిగుళ్లలోకి దిగినా, మీద చీముపొక్కు లేచినా పట్టించుకోకపోవడం సరికాదు. రెండేళ్లప్పుడు మంచం మీది నుంచి పడిన సంగతి అందరూ మరిచిపోయాక, ఏడో ఏట వచ్చే కొత్త పన్ను మీద గోధుమ రంగు మచ్చ కనిపించవచ్చు.