విమానం మోడల్ కిట్లు: రిటైరయ్యాక మొదలుపెట్టేవారి అపోహలు, విశాఖ గాలి చెప్పే వాస్తవాలు

భాగాలు అతికించి, రంగు వేసి చిన్న నమూనాగా చేసుకునే ప్లాస్టిక్ విమానం కిట్ పాడైతే అరవై దాటినవారు ముందుగా తమ చేతినో కంటినో తిట్టుకుంటారు. మన ఊళ్లో కిట్లను ఎక్కువగా పాడుచేసేవి మాత్రం గాలిలో తేమ, పొరపాటు జిగురు, చాలని వెలుతురు. మూడూ సరిచేసుకోగలిగినవే.

అపోహ: వయసు మీద పడ్డాక ఇంత సన్నపని కుదరదు.

చదువుకునే +2.50 అద్దాలు సుమారు 40 సెంటీమీటర్ల దూరానికి సరిపోతాయి. కాక్‌పిట్‌లో (పైలట్ కూర్చునే చోట) స్టిక్, అంటే విమానాన్ని నడిపే కర్ర అతికించేటప్పుడు భాగాన్ని 25 సెంటీమీటర్లకు తెచ్చుకుంటాం, అక్కడ చూపు కుదరాలంటే +4 కావాలి. చూపు తగ్గిపోయిందన్న బెంగ చాలామందికి ఈ తేడా వల్లే. కళ్లజోడు మీదే తగిలించుకునే భూతద్దం 1.5 లేదా 2 రెట్లది చాలు. 3.5 రెట్లది కొంటే భాగాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకోవాలి, కనిపించే మేరా కుంచించుకుపోతుంది. కుడిచేతివాటం వారు తెల్లటి ఎల్ఈడీ దీపాన్ని ఎడమవైపు పెట్టుకుంటే సొంత చేతి నీడ పని మీద పడదు.

ఆధారం లేకుండా గాలిలో పెట్టిన చెయ్యి పాతికేళ్లవాడిదైనా కదులుతుంది. మోచేతులు రెండూ బల్లకు ఆనించి, మణికట్లు ఒకదానికొకటి తాకేలా పెట్టి పనిచేయండి. చిన్న భాగాన్ని బట్టల క్లిప్పుకు పట్టిస్తే ఒక చేతికి పని తప్పుతుంది. వణుకు కొత్తగా మొదలైతే మాత్రం ముందు డాక్టరుకు చూపించాలి.

అపోహ: చిన్న కిట్ అయితే తేలిక.

రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ విమానం స్పిట్‌ఫైర్ రెక్కల నిడివి 11.23 మీటర్లు. 1/72 స్కేలులో, అంటే అసలులో 72వ వంతు సైజులో, అది 15.6 సెంటీమీటర్లు, 1/48లో 23.4. సీటు, చక్రం, స్టిక్ అన్నీ ఒకటిన్నర రెట్లు పెద్దవవుతాయి కాబట్టి పట్టకారుకు బాగా దొరుకుతాయి. మొదటి కిట్‌గా 1/48లో ఒంటి ఇంజన్ విమానం తీసుకోమనే మేం చెబుతాం. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న నేవీ విమానం టీయూ-142ను చూసి అదే చేయాలని ముచ్చటపడేవారు ముందు షోకేసు కొలుచుకోవాలి. దాని రెక్కలు 50 మీటర్లు, అంటే 1/72లో 69 సెంటీమీటర్లు, 1/144లో సుమారు 35. పైగా ఇంజనుకు ఎనిమిది చొప్పున మొత్తం 32 ప్రొపెల్లర్ రేకులు. మొదటి కిట్‌గా వద్దు.

అపోహ: ఫెవిక్విక్ ఉంటే చాలు.

ఇది కాక్‌పిట్ అద్దానికి శత్రువు. ఈ జిగురు ఆవిరి గాలిలో తేమతో కలిసి తెల్లటి పొడిగా మారి అద్దం మీద పేరుకుంటుంది, మన ఉక్కపోతలో ఇంకా ఎక్కువ. లోపలివైపు పట్టిందంటే అద్దం ఊడదీయకుండా తుడవలేం. అద్దానికి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు వాడండి. ఆరాక పారదర్శకంగా అవుతుంది, అంచున ఎక్కువైతే తడి దూదిపుల్లతో తుడిచేయొచ్చు.

కిట్ భాగాల ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌కు ప్లాస్టిక్ సిమెంట్ అనే జిగురే సరైనది. అది రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. కాబట్టి రంగు వేసిన అంచు మీద పట్టదు, అక్కడ రంగు గీకేయాలి. పలచటి సిమెంట్ అయితే భాగాలను ముందు జోడించి పట్టుకుని, బ్రష్ కొనను అతుకుకు తాకిస్తే చాలు, దానంతటదే సందులోకి పాకుతుంది. మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి గీతలా పైకి ఉబుకుతుంది. కనీసం ఒక రోజు ముట్టుకోకండి. తొందరపడి గరుకు కాగితం పెడితే, లోపల ప్లాస్టిక్ ఇంకా కుంచించుకుంటూ ఉంటుంది కనుక, రంగు వేశాక అతుకు గాడిలా మళ్లీ తేలుతుంది. ఆరాక 400 నంబరుతో మొదలుపెట్టి 800, 1000 నంబర్ల నీళ్ల కాగితంతో తడిపి రుద్దండి.

అపోహ: హార్డ్‌వేర్ కొట్లో దొరికే ఏ థిన్నరైనా ఒకటే.

కానే కాదు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ పాలీస్టైరీన్‌ను తినేస్తుంది. ఎనామెల్ రంగుకు మినరల్ టర్పెంటైన్, ఆక్రిలిక్‌కు దాని తయారీదారు చెప్పిన థిన్నర్. ఏదైనా సరే, భాగాలు విరిచేసిన ఫ్రేమ్ ముక్క మీద ముందు పరీక్షించండి.

అపోహ: రంగు తెల్లగా పాలిపోయిందంటే డబ్బా పాతది.

విశాఖలో ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. లాకర్ రంగు (ద్రావకం ఆవిరై చురుగ్గా ఆరేది), రంగు లేని క్లియర్ కోటు కొట్టిన కాసేపటికి బూజు పట్టినట్టు పొగ కమ్ముతుంది. డబ్బాది తప్పు కాదు. ద్రావకం చురుగ్గా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ అక్కడే నీరై రంగులో చిక్కుకుంటుంది. వాన పడే రోజున, మబ్బు పట్టిన సాయంత్రం కొట్టొద్దు. గోడకో తేమ మీటరు తగిలించుకుని, రోజులో అంకె అన్నిటికంటే దిగే వేళ చూసుకోండి. సాధారణంగా అది మధ్యాహ్నం. తడిసిపోయేలా ఒకేసారి కాకుండా పలుచగా మూడు నాలుగు పూతలు కొట్టండి. మెల్లగా ఆరే రిటార్డర్ కలిసిన థిన్నర్ దొరికితే సగం బాధ తీరినట్టే. ఇప్పటికే పొగ కమ్మిందా, పారేయకండి. పొడి రోజున అదే థిన్నర్‌ను మంచులా పైపైన చల్లితే పూత కాస్త మెత్తబడి తేమ వదిలేస్తుంది, తెలుపు పోతుంది.

కొట్టేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపి, కిటికీకి ఎగ్జాస్ట్ పెట్టుకోండి. ఎన్95 మాస్క్ రంగు తుంపరలను ఆపుతుంది గానీ ద్రావకం ఆవిరిని ఆపదు, దానికి బొగ్గు క్యాట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు నీటి ఆక్రిలిక్, బ్రష్‌తో సరిపెట్టుకోవడం మేలు.

అపోహ: డీకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తుల స్టిక్కర్లు) కింద మెరిసే మచ్చలు జిగురు లోపం.

మెరుపు లేని మ్యాట్ రంగు గరుకులో చిక్కిన గాలి అది. ముందు నున్నగా మెరిసే గ్లాసీ పూత వేసి, అది ఆరాక డీకాల్ పెట్టండి, మ్యాట్ చివర్లో. షీట్లను జిప్ కవర్లో సిలికా జెల్‌తో దాచాలి, లేకపోతే మన తేమకు పైకాగితానికి అతుక్కుంటాయి. సిలికా జెల్ నీలం గింజలు గులాబీకి మారితే వేడిచేయండి, మళ్లీ నీలమవుతాయి.

అపోహ: మ్యూజియంలో కనిపించే రంగే అసలు రంగు.

ఎండకీ ఉప్పుగాలికీ ఆరుబయట నిలబడిన విమానం రంగు వెలుస్తుంది. బీచ్‌కు వెళ్లి ఆకారం, తలుపుల అతుకులు, చక్రాల గూళ్లు చూసి ఫోటోలు తీసుకోండి. రంగుకు మాత్రం అది ఎగిరిన రోజుల ఫోటోలే ఆధారం.

అపోహ: విమానం మూతిలో బరువు వేయమని కిట్ పుస్తకంలో లేకపోతే అక్కర్లేదు.

ముందు చక్రం ఉన్న విమానం బరువు లేకపోతే తోక మీద కూర్చుంటుంది. బాడీ మూయకముందే టేపుతో రెక్కలు, తోక అన్నీ కట్టి, వెనక చక్రాలు వచ్చే చోట పెన్సిల్ మీద నిలబెట్టండి. మూతి కిందికి వాలేవరకు బరువు వేసి, పైన ఇంకో రెండు మూడు గ్రాములు కలపండి. చేపల వేట సామాన్లు అమ్మే కొట్లలో దొరికే సీసపు గుండ్లు దీనికి చక్కగా సరిపోతాయి. వాటిని తెల్ల జిగురుతో అతికించవద్దు. దాని నుంచి వచ్చే ఆమ్లానికి సీసం ఏళ్ల తరబడి తెల్లగా పొంగి, అతుకులను లోపలినుంచి చీల్చేస్తుంది. రెండు ట్యూబుల ఎపాక్సీ వాడి, సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి.