అటకెక్కిన నగలపెట్టె

గోదావరికి నీళ్లొస్తున్నాయంటే కోనసీమ లంకల్లో ముందు అటకెక్కేవి బియ్యం బస్తాలు, నగలపెట్టె. ఇప్పుడు చాలా ఇళ్లల్లో ఆ పెట్టె బ్యాంకు లాకర్లోకి చేరింది. ఇక టెన్షన్ లేదనుకున్నాం. కానీ 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఒక మెలిక ఉంది. దొంగతనం, అగ్నిప్రమాదం, బ్యాంకు సిబ్బంది మోసం వల్ల సొత్తు పోతే ఏడాది అద్దెకు 100 రెట్లు బ్యాంకు కట్టాలి. వరద వల్లో భూకంపం వల్లో పోతే బాధ్యత తనది కాదు. డెల్టా వాళ్లకి పట్టేది ఈ రెండో మాటే.

అసలు పెట్టె కన్నా నగ చాలా పాతది. మొరాకోలోని బిజ్మూన్ గుహలో దొరికిన నత్తగుల్లల పూసలు సుమారు 1,42,000 ఏళ్ల నాటివి. వాటికి పెట్టెతో పనేముంది? ఒంటిమీదే ఉండేవి, మనిషితోపాటే తిరిగేవి. ఒకచోట కుదురుకుని, అన్నీ ఒకేసారి పెట్టుకోలేనంత కూడబెట్టాకే మనిషికి పెట్టె కావాల్సివచ్చి ఉంటుంది.

అప్పటినుంచీ పెట్టెకు నీళ్లే శత్రువు. ఈజిప్టులో లాహున్ దగ్గర 1914లో రాకుమారి సిత్‌హథోర్‌యునెత్ సమాధి తవ్వారు. దాదాపు 3,800 ఏళ్ల నాటిది. దొంగలు ఎప్పుడో దోచేశారు గానీ, బురద నిండిన గూడొకటి వాళ్ల కంటపడలేదు. అందులో ఎబొనీ చెక్క పెట్టెలు కుళ్లిపోయాయి. బంగారం, పూసలు మాత్రం బురదలో అలాగే ఉన్నాయి.

మన తేమ నేలలోనూ చెక్క నిలవదు. అందుకే ఇక్కడ పాత పెట్టె అంటే రాతిదే. పక్కనున్న కృష్ణా డెల్టాలో, భట్టిప్రోలు బౌద్ధ స్తూపాన్ని 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే తవ్వితే రాతి పేటికలు బయటపడ్డాయి. లోపల స్ఫటిక భరిణె, ధాతువులు (అంటే పవిత్రంగా దాచిన అస్థికలు), వాటికి తోడు బంగారు పువ్వులు, ముత్యాలు, పూసలు. రాతిమీద ప్రాకృతంలో ఆ పేటికను 'మజూస' అని చెక్కారు. మనం మంజూష అనేది ఆ మాటనే! స్ఫటిక భరిణె పేరు 'ఫాలిగ సముగ'. రెండువేల ఏళ్లు దాటిన రాత అది. అవి ధాతుపేటికలు కదా, నగలపెట్టెలెలా అవుతాయంటారా? నిజమే. కానీ విలువైనదాన్ని భరిణెలో పెట్టి, ఆ భరిణెను పెట్టెలో దాచే అలవాటు మన అమ్మమ్మలదీ కాదా?

గోదావరి సీమలో పరిస్థితి మారింది 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక. కాలువ నీళ్లతో వరి, వరితో డబ్బు, డబ్బుతో కాసులపేరు, వడ్డాణం. వాటికోసం భోషాణాలు, తర్వాత ఇనప్పెట్టెలు. పెట్టెలోకి వెళ్లిన నగ అక్కడే ఉండిపోయిందని కాదు. సార్వాకి పెట్టుబడి లేకపోతే తాకట్టుకు వెళ్లేది, పంట చేతికొస్తే తిరిగొచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు.

1986 ఆగస్టు వరద చూసినవాళ్లకి తెలుసు, భోషాణాన్ని అటకెక్కించడం ఎవరి తరమూ కాదు. భరిణె అయితే కొంగున కట్టుకునైనా పడవెక్కొచ్చు. లాకర్‌తో ఆ వీలు లేదు. లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు, దానికి బీమా అమ్మడానికీ నిబంధనలు ఒప్పుకోవు. కావాలంటే బయట మనమే చేయించుకోవాలి. లాకర్ తీసుకునేముందు ఆ గది ఏ అంతస్తులో ఉందో అడగండి.