వాది కట్ట, ప్రతివాది కట్ట

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ తాతయ్య అనేక ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

సెలవుల్లో వచ్చి మా సీనియరుగారి కాగితాలు సర్దడానికి సాయం చేస్తామన్నారు, సంతోషం. అయితే మొన్న ఫోనులో మీలో ఒకరు అడిగారు: "ఆయన రాసిన పుస్తకం అచ్చయ్యే ఉంది కదా తాతయ్యా, ఇంకా ఈ చిత్తు కాగితాలన్నీ ఎందుకు?" మంచి ప్రశ్నే. ఫోనులో చెప్పబోతే సగం నాకు వినబడదు, సగం మీరు వినరు. అందుకని రాస్తున్నాను. వచ్చేలోపు తీరిగ్గా చదవండి.

మా సీనియరుగారు గుంటూరు జిల్లాలో మునసబు కోర్టు వకీలు. పొలం గట్ల తగాదాలు, ఇనాం భూముల (అంటే పూర్వం ప్రభువులు దానంగా ఇచ్చిన భూముల) దావాలు, దాయాదుల పంపకాలు, ఇవే ఆయన కేసులు. నేను ఆయన దగ్గర జూనియరుగా చేరేనాటికే కోర్టు పనికన్నా తాలూకా చరిత్ర మీద ధ్యాస ఎక్కువైంది. సెలవు రోజు వస్తే ఏదో ఒక ఊరి గుళ్లో స్తంభం ముందు కూర్చుని శాసనం రాసుకుంటూ ఉండేవారు. ఫీజు ఇవ్వలేని క్లయింటును "మీ ఇంట్లో పాత కవిలెలు ఏమన్నా ఉన్నాయా?" అని అడిగేవారు. కవిలెలంటే పాతకాలపు ఊరి లెక్కల కట్టలు. గుమాస్తాకి మాత్రం ఇది బొత్తిగా నచ్చేది కాదు. కవిలె కట్టలతో జీతం గడవదు కదా!

వకీలుకు చరిత్రతో ఏం పని అనుకోకండి. మన తెలుగునాట చరిత్ర పరిశోధన మొదలైన రోజుల్లో కోర్టుల నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. రాజమహేంద్రవరం వకీలు భావరాజు వేంకట కృష్ణారావుగారు 1922లో అక్కడ ఆంధ్రేతిహాస పరిశోధక మండలి నెలకొల్పినవారిలో ముఖ్యులు. ఆ ఏడు ఊరికే కుదరలేదు. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం శక సంవత్సరం 944లో, అంటే క్రీస్తుశకం 1022లో. కోరుమిల్లి తామ్రశాసనంలో ఆ ముహూర్తం ఉంది. సరిగ్గా తొమ్మిది వందల ఏళ్లు నిండిన సంవత్సరమన్నమాట. తేదీతో సహా రాజు పట్టాభిషేకాన్ని చెప్పే రాగిరేకు దొరికితే వకీలు ప్రాణం ఎలా లేచొస్తుందో మీకు తెలియదు, నాకు తెలుసు.

తెలంగాణలో సురవరం ప్రతాపరెడ్డిగారు బి.ఎల్. చదివి వకీలుగా పనిచేసినవారే. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే ఆయన కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచీ పద్యాలు, వివరాలు రప్పించి 1934లో 354 మంది కవులతో సంచిక వేశారు. ఆరోపణకు జవాబుగా 354 మంది సాక్షులను బోనెక్కించడం వకీలు తప్ప ఎవరు చేస్తారు? తర్వాత 1949లో వచ్చిన ఆయన సాంఘిక చరిత్రలోనూ అదే పద్ధతి. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నదానికి రాజుల శాసనాలను కాదు, కావ్యాలను అడిగారు. కవి రాజును పొగుడుతున్నప్పుడు చెప్పినమాట నమ్మలేం. కానీ కథలో దారిన పోతూ ఒక పూటకూళ్లింటి గురించి రెండు ముక్కలు అన్నాడంటే, అక్కడ అబద్ధమాడే అవసరం ఆయనకు లేదు. క్రాస్‌ ఎగ్జామినేషన్‌ చేసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుస్తుంది. సాక్షి వల్లెవేసుకుని వచ్చిన వాక్యం కన్నా, మాటల్లో అలవోకగా జారిన వాక్యానికే బలం ఎక్కువ.

అందరిలోకీ నాకు ఇష్టమైనవారు బెజవాడ వకీలు దిగవల్లి వేంకట శివరావుగారు (1898–1992). ఆయన పేరు మీరు విని ఉండరు. ఏనుగుల వీరాస్వామయ్య పేరైనా విన్నారా? మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలోని మాటను ఇంకో భాషలో చెప్పే ఉద్యోగి. 1830 మే 18న సుమారు వందమంది పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారిపొడుగునా చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాస్తూ పోయాడు. ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, పల్లకీ మోసే బోయీలు ఎక్కడ దొరుకుతారు, ఏ నది ఎలా దాటాలి, సుంకం ఎవరు వసూలు చేస్తారు, అన్నీ. పిళ్లెగారు ఆ రాతలను జాగ్రత్తపెట్టి, మిత్రుడు పోయాక 1838లో అచ్చువేయించాడు. వంద ఏళ్లు దాటాక, 1941లో, శివరావుగారు దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. వీరాస్వామయ్య ఎవరు, ఏ కొలువు చేశాడు, ఆ కాలం పరిస్థితులేమిటి అని వెతికి సంపాదించి మరీ చేర్చారు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పిళ్లెగారు ఆ ఉత్తరాలను "చదివేశాం కదా" అని పారేసి ఉంటే? 1830 నాటి తెలుగువాడి కంటితో దేశాన్ని చూసే వీలు మనకు ఉండేదా? ఉత్తరం రాసిన మనిషికన్నా దాచిన మనిషికి నేను ముందు దణ్ణం పెడతాను.

సరే, మన పెట్టెల సంగతికి వస్తాను. వీటిని ముట్టుకునే ముందు కొంచెం చట్టం తెలియాలి. 1872 నాటి సాక్ష్య చట్టంలో 90వ సెక్షన్‌ అని ఒకటి ఉండేది. ముప్పై ఏళ్లు దాటిన దస్తావేజు, ఉండవలసిన చోటు నుంచి, ఉండవలసిన మనిషి చేతి మీదుగా వస్తే, సంతకం చేసినవాళ్లూ సాక్షులూ బతికి లేకపోయినా ఆ సంతకం అసలుదేనని కోర్టు అనుకోవచ్చు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనూ ఈ నియమం ఉంది. ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి, 'అనుకోవచ్చు' అన్నారు కానీ 'అనుకుని తీరాలి' అనలేదు. రెండోది ఇంకా ముఖ్యం. కాగితం అసలుదే అయినంతమాత్రాన అందులో ఉన్న మాట నిజమని కాదు. మా సీనియరుగారు ప్రతి నకలు పైనా ఎడమవైపు మూలలో ఎవరి ఇంట్లో, ఏ పెట్టెలో, ఏ రోజు చూశారో రాసుకున్నారు. కొన్నిచోట్ల "అసలు చూపలేదు, నకలే ఇచ్చారు" అని కూడా. అచ్చు పుస్తకంలో ఈ మాటలు ఒక్కటీ లేవు.

ఆ చట్టంలోనే ఇంకో తమాషా ఉంది. పోయినవాళ్లు చుట్టరికాల గురించి, వంశం గురించి చెప్పిన మాట సాక్ష్యంగా పనికివస్తుంది, కానీ ఆ మాట తగాదా పుట్టకముందు చెప్పినదై ఉండాలి. తగాదా మొదలయ్యాక ఎవరి వంశవృక్షం వాళ్లకు అనుకూలంగా కొమ్మలేస్తుంది! చరిత్రకు ఇంతకన్నా మంచి గీటురాయి లేదు. 1858లో మద్రాసు రాజధానిలో ఇనాం కమిషన్‌ వేసి, ఎవరి ఇనాం ఎవరిచ్చిందో, ఎప్పటి నుంచి అనుభవిస్తున్నారో విచారించి రిజిస్టర్లు రాయించారు. మీ భూమి ఉంటుందో ఊడుతుందో తేలే రోజున, "మా తాతల నాడు ఫలానా రాజు ఇచ్చాడు" అని చెప్పకుండా ఎవరుంటారు? అందులో నిజం చెప్పినవాళ్లూ ఉన్నారు. ఎవరు ఎందుకు చెబుతున్నారో చూసుకోకుండా ఎక్కించుకుంటే మాత్రం మునిగిపోతాం.

కైఫియతులదీ అదే సంగతి. కల్నల్‌ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన ఏలూరు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల చేత ఊరి చరిత్రలు రాయించారు. అవి లేకపోతే ఎన్నో ఊళ్లకు చరిత్రే ఉండేది కాదు. మెకంజీ 1821లో పోయాక, పాడైపోతున్న ఆ ప్రతులకు నకళ్లు రాయించిన పుణ్యం బ్రౌను దొరది. కానీ కరణంగారి వైపు నుంచి ఆలోచించండి. కుంఫిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, తరఫు మనిషి వచ్చి ఊరి వివరాలు అడుగుతున్నాడు. శిస్తు పెంచడానికా, మాన్యాలు లాక్కోవడానికా? ఆయన భయం ఆయనది. ఆ భయం కూడా కైఫియతులో ఉందన్నమాట, కాకపోతే వరసల మధ్య.

ఇప్పుడు అసలు విషయం. మా సీనియరుగారి కాగితాల్లో ప్రతి ఊరికీ రెండు కట్టలున్నాయి. ఒకదాని మీద 'వాది' అనీ, రెండోదాని మీద 'ప్రతివాది' అనీ అట్టముక్కలు కట్టి ఉన్నాయి. తాను నమ్మిన దానికి బలమిచ్చే ఆధారాలన్నీ వాది కట్టలో, దానికి ఎదురు తిరిగేవన్నీ ప్రతివాది కట్టలో. ఒక ఊరి చెరువు సంగతే చూడండి. ఫలానా రాజు తవ్వించాడని ఆయన పుస్తకంలో రెండు పేజీలు దంచి రాశారు. ప్రతివాది కట్టలో ఏముంది? ఆ చెరువును తమ పూర్వీకులే తవ్వారని వడ్డెర కులపెద్ద చెప్పిన మాట ఉంది. రాజు పేరున్న శాసనంలో చెరువు మరమ్మతు తప్ప తవ్వకం లేదని ఆయనే తన చేత్తో రాసుకున్న చీటీ ఉంది. పుస్తకంలో వాటికి చోటు దక్కలేదు.

ఆయన మోసం చేశారని అనను. వకీలు వృత్తికి ఉన్న దోషమే అది. తన క్లయింటు తరఫున వాదించాలి, అవతలి పక్షాన్ని అవతలి వకీలు చూసుకుంటాడు. కోర్టులో అది న్యాయమే, ఎందుకంటే పైన జడ్జి ఉన్నాడు. చరిత్ర రాసేటప్పుడు అవతలి వకీలూ లేడు, జడ్జీ లేడు. క్లయింటు స్థానంలో సొంత తాలూకా, సొంత కులం, నచ్చిన రాజు వచ్చి కూర్చుంటారు. మన ప్రాంతాల చరిత్రలు ఎన్నో ఇలాగే పాడయ్యాయని నా అభిప్రాయం. అయినా మా సీనియరుగారి దగ్గర ఒక గొప్ప గుణం ఉంది. తనకు వ్యతిరేకంగా ఉన్న ఒక్క చీటీని కూడా చింపలేదు. పైగా ప్రతివాది కట్టలే లావుగా ఉన్నాయి! పుస్తకం ఆయన వాదన మాత్రమే, కాగితాలు మొత్తం రికార్డు. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. రేపు మీలో ఎవరైనా ఆ ఊరి చరిత్ర తిరగరాయాలంటే పుస్తకం దగ్గర కాదు, ఆ వడ్డెర పెద్ద మాట దగ్గర మొదలుపెట్టాలి.

తేదీల దగ్గర తికమకపడతారు, ముందే చెబుతున్నాను. శక సంవత్సరానికి 78 కలపండి. ఫసలీకి, అంటే శిస్తు లెక్కల సంవత్సరానికి, 590 కలపండి, అది జూలైలో మొదలవుతుంది. ఉత్త తెలుగు సంవత్సరం పేరే ఉంటే తొందరపడి అంకె వేయకండి, ఆ పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. 'నందన' అని ఉందనుకోండి. 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కూడా కావచ్చు. పక్కన ఫసలీ 1242 అని కనిపిస్తే అది డొక్కల కరువు సంవత్సరమే, 1832–33. గుంటూరు సీమలో మూడోవంతు జనం పోయారని లెక్కలు చెప్పే కరువు. ఆ ఏటి కాగితాలు ఒక కట్టలో వేరుగా ఉన్నాయి. అందులో పొలం పేర్లు, పక్కన 'బీడు', 'బీడు' అని తప్ప ఇంకేం లేదు. చిన్నవాళ్లు దాని జోలికి పోకండి. పెద్దవాళ్లు నాతో కూర్చుని చూద్దురుగాని.

ఇక పని పద్ధతి. కట్టల వరస మార్చకండి, మీకు ఎంత గందరగోళంగా కనిపించినా సరే. ఏ చీటీ పక్కన ఏ చీటీ పెట్టారన్నది కూడా ఆయన ఆలోచనే. కాగితం మీద పెన్ను పెట్టకండి, మూలన పెన్సిలుతో సన్నగా కట్ట నంబరు, కాగితం నంబరు వేయండి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించారంటే ఊరుకోను. కొన్నేళ్లకు ఆ జిగురే కాగితాన్ని తినేస్తుంది. తుప్పుపట్టిన గుండుసూదులు లాగకండి, నన్ను పిలవండి. ఫోటో తీసేటప్పుడు వెనకవైపు కూడా తీయాలి. ఆయన కేసుల జాబితాల వెనక, శుభలేఖల వెనక, ఆఖరికి మందుల చీటీల వెనక కూడా రాశారు. తేదీ వేయని రాతకు శుభలేఖ మీది ముహూర్తమే చాలాసార్లు ఆధారం. కార్డుల మీద తపాలా ముద్ర చూడటం మరవకండి.

కింది అరలో ఎర్ర నాడాతో కట్టిన ఫైళ్లు మాత్రం తెరవద్దు. అవి చరిత్ర కాగితాలు కావు, క్లయింట్ల దావాలు. క్లయింటు వకీలుకు చెప్పుకున్న రహస్యం కేసు ముగిసినా రహస్యమేనని చట్టం. ఆ కుటుంబాలు ఇంకా ఈ ఊళ్లలోనే ఉన్నాయి. వాటిని ఏం చేయాలో నేను ఇంకా తేల్చుకోలేదు. కాల్చమని ఆయన అనలేదు, ఉంచమనీ అనలేదు. మీకేమన్నా తోస్తే వచ్చాక చెప్పండి, వింటాను.

పెన్సిళ్లు, కాగితాలు ఇక్కడ ఉన్నాయి. భూతద్దం ఒక్కటే ఉంది, ఇంకొకటి తెచ్చుకుంటే కొట్టుకోకుండా పని జరుగుతుంది. అమ్మకూ నాన్నకూ నా ఆశీస్సులు చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య